రాముడి రసీదు

భద్రాచలం చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి రామదాసు కథని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నవమి నాటి మైకుల్లో, బస్టాండు పక్క క్యాసెట్ల కొట్లో, పెద్దవాళ్ళ ఎత్తిపొడుపు మాటల్లో అదే చెవిన పడుతుంది. పాల్వంచ పరగణాకి తహశీల్దారుగా వచ్చిన కంచర్ల గోపన్న, వసూలైన శిస్తు డబ్బు పెట్టి రాముడికి గుడి కట్టించాడు. పైనుంచి అనుమతి లేదు. గోల్కొండ నవాబు తానీషా ఆయన్ని ఖైదులో వేయించాడు. పన్నెండేళ్ళు గడిచాక ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకున్న ఇద్దరు కుర్రాళ్ళు తానీషా దగ్గరికెళ్ళి, బాకీ మొత్తం కట్టేసి, రసీదు రాయించుకున్నారు. తెల్లారి చూసుకుంటే ఆ రసీదు గోపన్న పక్కన ఉంది.

చిన్నప్పుడు నాకు ఈ కథలో ఒకచోట కొరుకుడు పడేది కాదు. మా నాయనమ్మని అడిగాను: ‘బాకీ కట్టాడు సరే, రసీదు తెచ్చాడు సరే. మరి ఆ పన్నెండేళ్ళు ఎవరిస్తారు?’

ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండానే అంది. ‘లోపల కూర్చోబట్టే కదరా ఆ పాటలన్నీ వచ్చింది. ఇంట్లో సుఖంగా ఉంటే రాసేవాడా?’

ఆ జవాబు అప్పుడు నాకు నచ్చలేదు. తప్పించుకుంటోంది అనుకున్నాను. ఈ నాలుగైదేళ్ళలో జపాన్ నుంచి ఇలాంటి రసీదులే రెండు వచ్చాయి. ఒకటి 2021లో, ఇంకొకటి 2025లో. మొదటిది మాక్రాస్ అనే యంత్ర యోధుల బొమ్మల సీరీస్‌కి సంబంధించింది, రెండోది సాక్షాత్తూ రామాయణానిది. రెండింటి కోసమూ ప్రపంచంలో చాలామంది దశాబ్దాల పాటు ఎదురు చూశారు. ఆ ఎదురుచూసిన వాళ్ళలో మా నాన్న, నేను కూడా ఉన్నాం. అందుకే నాయనమ్మ మాటని మళ్ళీ తీసి చూడాల్సి వచ్చింది.

*

మాది దుమ్ముగూడెం మండలం, పర్ణశాల దారిలో ఒక ఊరు. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. నా చిన్నప్పుడు ఖమ్మం జిల్లా. మా నాన్న చిన్నప్పుడు, అంటే 1959కి ముందు, తూర్పుగోదావరి జిల్లా. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు చూశాం. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. అడవి దాటితే అప్పట్లో మధ్యప్రదేశ్, 2000 నుంచి ఛత్తీస్‌గఢ్.

మా ఊరి పక్కన పర్ణశాల ఉంది. సీతారాములు వనవాసంలో అక్కడే ఉన్నారని, రావణుడు సీతమ్మని అక్కణ్ణుంచే ఎత్తుకుపోయాడని మా నమ్మకం. వాగు ఒడ్డున రాళ్ళ మీద ఆవిడ నారచీరలు ఆరేసిన గుర్తులు చూపిస్తారు. మహారాష్ట్రలో నాసిక్ వాళ్ళు పంచవటి మా ఊరే అంటారు. మేం మాదంటాం. వందల ఏళ్ళుగా ఎవరి మాట వాళ్ళు అనుకుంటున్నాం గానీ ఇద్దరిలో ఎవరూ ట్రేడ్‌మార్కు తీసుకోలేదు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మా నాన్నది రేడియో రిపేరు షాపు. 1986 ఆగస్టు వరదలో, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చినప్పుడు, అది సామానుతో సహా పోయింది. మళ్ళీ రేడియోల జోలికి వెళ్ళకుండా ఒక టీవీ, వీసీఆర్ కొన్నాడు. పెళ్ళిళ్ళకి, జాతరలకి అద్దెకి తిప్పాడు. తర్వాత డిష్ పెట్టి కేబుల్ మొదలుపెట్టాడు. కంట్రోల్ రూము అంటే మా మేడ మీది గదే. చదువుకోడానికి నాకు అంతకంటే వేరే గది లేదు. అందువల్ల ఊళ్ళో ఏ ఛానల్ వస్తోందో, ఏది పోయిందో ముందుగా తెలిసేది నాకే.

జపాన్ బొమ్మలు మా ఇంటికి జపాన్ అనే పేరు చెప్పుకోకుండానే వచ్చాయి. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం వచ్చిన ‘జంగిల్ బుక్’ తీసింది నిప్పన్ యానిమేషన్ అనే జపాన్ కంపెనీ. కిప్లింగ్ కథ, జపాన్ గీత, గుల్జార్ పాట, నానా పాటేకర్ గొంతుతో షేర్‌ఖాన్. మాకేమో అడవీ కొత్త కాదు, ఎలుగుబంటీ కొత్త కాదు. అడవిలో అందరూ హిందీ మాట్లాడుకోవడం ఒక్కటే కొత్త.

సరిగ్గా ఆ ఏడాదే ఇంకో జపాన్ బొమ్మల సినిమా మన దేశం దాకా వచ్చి, గడప దాటి లోపలికి రాలేక ఆగిపోయింది. ఆ సంగతి మాకు చాలా ఏళ్ళ వరకు తెలియదు.

*

యూగో సాకో జపాన్‌లో డాక్యుమెంటరీలు తీసేవాడు. 1983లో అలహాబాదు దగ్గర పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ జరిపిన తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీసే పనిలో మన దేశానికి వచ్చాడు. పత్రికలో వచ్చిన వార్త చూసి, ఎవరో విదేశీయుడు రామాయణాన్ని ఇష్టమొచ్చినట్టు సినిమా తీసేస్తున్నాడని విశ్వ హిందూ పరిషత్ ఢిల్లీలోని జపాన్ రాయబార కార్యాలయానికి అభ్యంతరం తెలిపింది. అపార్థం తొందరగానే తొలగిపోయింది. కానీ లేని సినిమా మీద వచ్చిన ఆ గొడవే సాకోకి నిజం సినిమా తీసే ఆలోచన కలిగించింది. జపనీస్‌లో దొరికిన రామాయణాలు పది దాకా చదివాడు. రాముడు దేవుడు కాబట్టి ఆయన్ని ఒక నటుడిలో చూపించడం కంటే బొమ్మగా గీయడమే మేలని తేల్చుకున్నాడు.

రాముడంటే ఎన్టీఆర్ ముఖం తప్ప ఇంకోటి గుర్తురాని తెలుగువాడికి ఇది వింతగా ఉండొచ్చు. కానీ బాపు గీతలో రాముణ్ణి చూసి పెరిగినవాళ్ళకి సాకో మాట వెంటనే అర్థమవుతుంది. బొమ్మకి నిన్నటి సినిమా ఉండదు, రేపటి ఎన్నికలూ ఉండవు.

సాకో భారత ప్రభుత్వంతో కలిసి తీయాలనుకున్నాడు. అయోధ్య వివాదం రగులుతున్న రోజులు. విషయం సున్నితమైందని ప్రభుత్వం చేయి కలపలేదు. దాంతో సినిమా మొత్తం జపాన్‌లోనే తయారైంది. సాకోతో పాటు కొయిచి ససాకి, మన దేశంలో యానిమేషన్‌కి పితామహుడని పేరున్న రామ్ మోహన్ దర్శకత్వం వహించారు. 450 మంది దాకా చిత్రకారులు పనిచేశారు. పంచె ఎలా కడతారు, పెద్దవాళ్ళు పిల్లల్ని ఎలా దీవిస్తారు లాంటివి మనవాళ్ళు దగ్గరుండి చెప్పారు. కంప్యూటర్లు బొమ్మలు గీయని కాలం. సుమారు లక్ష సెల్స్ చేత్తో గీశారు. మాటలు ఇంగ్లీషు. పాటలు మాత్రం సంస్కృతంలో వసంత్ దేవ్ రాశారు. సంగీతం వనరాజ్ భాటియా. నిడివి 135 నిమిషాలు.

సినిమా 1992లో పూర్తయింది. ఆ డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చారు. 1993 జనవరిలో, ఢిల్లీలో భారత అంతర్జాతీయ చలన చిత్రోత్సవంలో దీన్ని చూపించారు. దేశం రాముడి పేరెత్తడానికే ఉలిక్కిపడుతున్న నెల అది. థియేటర్లకి విస్తృతంగా రావడం జరగలేదు. హిందీలో డబ్బింగ్ చేశారు. రాముడికి అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రీష్ పురి గొంతులిచ్చారు. శత్రుఘ్న సిన్హా కథ చెప్పాడు. ఆ గొంతులు కూడా టీవీ దాకానే వచ్చాయి. జపాన్‌లో 1997లో, అమెరికాలో ఇంకో పేరుతో 2001లో విడుదలైంది.

దీన్ని ఎవరూ నిషేధించలేదు. నిషేధించి ఉంటే కనీసం దాని పేరు అందరికీ తెలిసేది. కావాలని ఎవరూ ఆపకపోయినా, తీసుకెళ్ళే బాధ్యత ఎవరిదీ కానందువల్ల ఆగిపోయిన సినిమా ఇది. తెలుగులో అయితే లేనే లేదు.

*

నేను పదో తరగతిలో ఉండగా అది కార్టూన్ నెట్‌వర్క్‌లో హిందీలో వచ్చింది. మేడ మీద లెక్కలు చేసుకుంటున్నవాణ్ణి కిందికి ఒక్క కేక పెట్టాను. నాన్న పరిగెత్తుకొచ్చి చేతికందిన క్యాసెట్టు వీసీఆర్‌లో తోశాడు. ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఆపి, అవి అయిపోగానే మళ్ళీ రికార్డు నొక్కాడు. ఒకచోట నొక్కడం ఆలస్యమైంది. అందువల్ల మా ఊరి కాపీలో జటాయువు రెక్క తెగదు. రావణుడి రథానికి ఎదురు వెళ్తూ ఉంటాడు, మరుక్షణం నేల మీద పడి ఉంటాడు.

మరుసటి ఏడు శ్రీరామనవమికి, భద్రాచలం వెళ్ళలేనివాళ్ళు పొద్దున టీవీలో కళ్యాణం చూశారు. సాయంత్రం నాన్న ఈ క్యాసెట్టుని మా లోకల్ ఛానల్లో వేశాడు. పది నిమిషాలకే ఫోన్లు. బొమ్మ బాగుంది, మాట అర్థం కావడం లేదు. మా దగ్గర తప్పిపోయిన గేదెల గురించి, కరెంటు కోతల గురించి చెప్పడానికి ఒక మైకు ఉండేది. నాన్న దాన్ని లైన్‌కి తగిలించి, హిందీ సౌండు తగ్గించి, తనే తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకీ హిందీ అంతంతమాత్రమే. కానీ కథ తెలియనిదెవరికి? రాముడి పెదాలు కదిలితే ఆ చోట రాముడు ఏమంటాడో పర్ణశాల పక్కన పుట్టినవాడికి ఒకరు చెప్పాలా?

రెండో ఏడు ఇది నాటకం కంపెనీ అయింది. మా హైస్కూల్ తెలుగు మాష్టారు రావణుడికి గొంతిచ్చారు. ఆయన పురాణం చెప్పే మనిషి, పద్యం గొంతు. హనుమంతుడికి టైలర్ మామ. సీతమ్మకి అంగన్‌వాడీ అక్క. నేను వానర సైన్యం మొత్తం. చిన్న గదిలో ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ, రెండుంపావు గంటలు. అమ్రీష్ పురి గొంతు నొక్కేసి మా మాష్టారి గొంతు వినిపించామని అప్పట్లో మాకు తెలియదు. తెలిసినా ఆపేవాళ్ళం కాదేమో.

నాయనమ్మకి ఒకే అభ్యంతరం. ‘రాముడికి రెండు చేతులేనా?’ భద్రాద్రి రాముడు నాలుగు చేతులవాడు. శంఖచక్రాలు పట్టుకుని, సీతమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంటాడు. ఆవిడకి తెలిసిన రాముడు ఆయనే. నాన్న నచ్చజెప్పాడు: ‘అది వైకుంఠ రాముడమ్మా. ఇది అడవిలో రాముడు.’ సంత నాడు మా అరుగు మీద ఆగి చూసిన ఒక కోయ పెద్దాయన మాత్రం విల్లు లాగే తీరు చూసి, గీసినవాడికి పని తెలుసన్నాడు. సాకో బతికుండగా ఆయనకి ఈ మాట చేరేసే దారి ఉంటే బాగుండేది.

పిల్లలు కుంభకర్ణుడి దగ్గర జడుసుకునేవాళ్ళు. అంత పెద్ద ఒళ్ళు నిద్రలేచి నడుస్తుంటే నేల బరువుగా అదిరినట్టు గీయడం జపాన్ వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒకసారి పిల్లల ఏడుపు కింది నుంచి మైకులోకి వినపడేంతైంది. మాష్టారు రావణుడి గొంతు పక్కన పెట్టి, మామూలు గొంతుతో అన్నారు: ‘భయపడకండి పిల్లలూ, అది మనిషి కాదు, యంత్రం.’ మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. అది తను కల్పించింది కాదనీ, వాల్మీకి యుద్ధకాండలో ఉందనీ తర్వాత చెప్పారు. కుంభకర్ణుణ్ణి చూసి వానరులు పారిపోతుంటే, అది పైకెత్తి నిలబెట్టిన యంత్రమని వాళ్ళకి చెప్పించమని విభీషణుడు రాముడికి సలహా ఇస్తాడు. యంత్రమని తెలిస్తే భయం పోతుందని.

ఆ ఒక్క మాట నన్ను చాలా దూరం తీసుకెళ్ళింది.

*

హైదరాబాదులో ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు, ఒక స్నేహితుడి సీడీల కట్టలో మాక్రాస్ దొరికింది. మనిషి ఎక్కి నడిపే రాక్షస యంత్రాల కథల్ని జపాన్ వాళ్ళు మెకా అంటారు. యుద్ధ విమానం గాల్లోనే చేతులూ కాళ్ళూ విప్పుకుని యోధుడిగా మారడం మొదటిసారి చూసినప్పుడు నాకు మాష్టారి మాటే గుర్తొచ్చింది. వీళ్ళు కుంభకర్ణుడి లోపల కుర్చీ వేసి కూర్చున్నారు!

కథ ఇది. అంతరిక్షం నుంచి ఒక పెద్ద ఓడ భూమి మీద ఒక దీవిలో కూలిపోతుంది. మనుషులు దాన్ని బాగుచేసుకుంటారు. దాన్ని లేపే రోజున శత్రువులు దాడి చేస్తారు. తప్పించుకునే హడావుడిలో ఓడ చంద్రుడి వెనక్కి గెంతబోయి, దీవి మీది ఊరితో సహా ప్లూటో దగ్గర తేలుతుంది. ఊరి జనం ఓడ కడుపులోనే వీధులు, హోటళ్ళు మళ్ళీ కట్టుకుని భూమికి తిరుగు ప్రయాణం కడతారు. శత్రువులు జెంత్రాదీలు మహాకాయులు. యుద్ధం తప్ప ఏమీ తెలియనివాళ్ళు. వాళ్ళని ఓడించేది తుపాకులు కాదు, లిన్ మిన్‌మే అనే అమ్మాయి పాట.

మా అమ్మ పుట్టిల్లు కూనవరం వైపు. పోలవరం వస్తే ఊళ్ళు మునుగుతాయనే మాట మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ ఉంది. 2014లో ఆ మండలాలని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఊరు ఊరంతా లేచి ఇంకోచోట మళ్ళీ కట్టుకోవాల్సి వస్తే వీధులు అదే వరసలో ఉంటాయా, పక్కింటివాళ్ళు పక్కింటివాళ్ళుగానే ఉంటారా అని మా మేనమామలు రాత్రుళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. మాక్రాస్ నాకు రోబోల కథగా అనిపించలేదు. ఇక పాట గురించి, రామదాసు ఊరివాడికి ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు.

తర్వాతి సీరీస్‌లు కూడా చూడాలనుకుంటే తెలిసింది, అవి జపాన్ బయట ఎక్కడా సక్రమంగా దొరకవని. ఎందుకో తెలుసుకుంటూ పోతే అదో కురుక్షేత్రం.

మాక్రాస్ మొదటి సీరీస్ 1982 అక్టోబరు నుంచి 1983 జూన్ దాకా జపాన్ టీవీలో 36 భాగాలుగా వచ్చింది. ఊహ, యంత్రాల రూపకల్పన స్టూడియో నుయె బృందానిది. అందులో షోజీ కవామోరికి అప్పటికి ఇరవై రెండేళ్ళు. వెనక నిలబడ్డది బిగ్‌వెస్ట్ అనే ప్రకటనల సంస్థ. తీయడానికి డబ్బు చాలక తత్సునోకో అనే స్టూడియోని కలుపుకున్నారు. దానికి బదులుగా తత్సునోకోకి విదేశీ హక్కులు దక్కాయి. ఆ హక్కుల్ని అది 1984లో హార్మొనీ గోల్డ్ అనే అమెరికన్ కంపెనీకి ఇచ్చింది.

అమెరికాలో రోజూ వేసే సీరియల్‌కి కనీసం 65 భాగాలు ఉండాలి. మాక్రాస్‌కి ఉన్నవి 36. హార్మొనీ గోల్డ్ తరఫున కార్ల్ మాసెక్ ఒక పని చేశాడు. మాక్రాస్‌తో ఏ సంబంధమూ లేని ఇంకో రెండు సీరీస్‌లు తీసుకుని, పేర్లు మార్చి, మాటలు కొత్తగా రాసి, మూడింటినీ మూడు తరాల ఒకే కథగా కుట్టేశాడు. 85 భాగాలు. పేరు రోబోటెక్. 1985లో వచ్చింది. అమెరికాలో ఒక తరం పిల్లలు దాన్ని చూసే జపాన్ బొమ్మల మీద ప్రేమ పెంచుకున్నారు. మూలం చూసినవాళ్ళు మాసెక్‌ని జీవితాంతం తిట్టారు. ఆయన 2010లో పోయాడు.

జపాన్‌లో మాక్రాస్ కొనసాగింది. 1994లో మాక్రాస్ 7, 2008లో మాక్రాస్ ఫ్రాంటియర్, 2016లో మాక్రాస్ డెల్టా. ఈలోగా గొడవ కోర్టుకెక్కింది. 2002లో టోక్యో జిల్లా కోర్టు, మొదటి సీరీస్‌లోని 41 పాత్రల, యంత్రాల బొమ్మలు బిగ్‌వెస్ట్, స్టూడియో నుయెలవని చెప్పింది. 2003లో వచ్చిన తీర్పు, ఆ సీరీస్ సినిమాగా మాత్రం తత్సునోకోదేనంది. అంటే బొమ్మ ఒకరిది, ఆ బొమ్మ కదిలితే ఇంకొకరిది. జపాన్ బయటేమో మాక్రాస్ అనే పేరు మీద ట్రేడ్‌మార్కు హార్మొనీ గోల్డ్ చేతిలో ఉంది. పేరు ముగ్గురు పంచుకున్న ఆస్తి అయ్యేసరికి, కొత్త కథలు జపాన్ తీరం దాటలేకపోయాయి.

నాసిక్‌కీ పర్ణశాలకీ మధ్య ఇలాంటి కేసు పడి ఉంటే మా వాగు ఒడ్డున రాళ్ళకి ఇంకా ఇంజంక్షన్ ఆర్డరు అంటించి ఉండేది. యజమాని లేకపోతే కథ అనాథ అవుతుందని మనం భయపడతాం. సాకో సినిమా విషయంలో అది నిజమే అయింది. కానీ యజమానులు ఎక్కువైతే ఏమవుతుందో మాక్రాస్ చూపించింది. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. చూడాలనుకున్నవాడు బయట నిలబడ్డాడు.

బయట నిలబడ్డవాళ్ళు ఊరికే నిలబడలేదు. జపాన్ నుంచి టేపులు తెప్పించుకున్నారు. భాష వచ్చినవాళ్ళు రాత్రుళ్ళు కూర్చుని సబ్‌టైటిల్స్ రాసి పంచారు. హైదరాబాదు హాస్టల్లో నేను చూసిన కాపీలో, మిన్‌మే పాడుతుంటే అడుగున పసుపు అక్షరాల్లో పాట అర్థం వచ్చేది. అక్కడక్కడా అనువాదకుడు తన అనుమానాలు కూడా రాసుకున్నాడు. చట్టం దాన్ని దొంగతనం అంటుంది. దాన్ని కాదనలేను. మా నాన్న చేసిందీ అదే. కానీ ఆ దొంగలే లేకపోతే 2021 నాటికి ఒప్పందం ఎవరి కోసం చేసుకోవాలి? అడిగేవాడే మిగిలి ఉండేవాడు కాదు.

2021 ఏప్రిల్‌లో బిగ్‌వెస్ట్, హార్మొనీ గోల్డ్ రాజీ పడ్డామని ప్రకటించాయి. మాక్రాస్ తర్వాతి సీరీస్‌లు, సినిమాలు దాదాపు అన్నీ ప్రపంచమంతా విడుదల చేసుకోవచ్చు. బదులుగా, రోబోటెక్‌లో ఆ 41 బొమ్మలని జపాన్ బయట వాడుకునే హార్మొనీ గోల్డ్ హక్కుని బిగ్‌వెస్ట్ గుర్తించింది. రోబోటెక్ సినిమా తీస్తే జపాన్‌లో అడ్డుపడబోమని కూడా ఒప్పుకుంది. 2024లో డిస్నీ ప్లస్ ద్వారా మాక్రాస్ కథలు జపాన్ బయటికి వచ్చాయి.

అభిమానులు పండగ చేసుకున్నది తొలి అంశానికి. నాకు రెండోది ముఖ్యం అనిపించింది. అసలు కథ గెలిచింది కదా అని అతుకుల బొంతని కాల్చేయలేదు. ఆ బొంత కప్పుకుని పెరిగినవాళ్ళు ఉన్నారని ఒప్పుకున్నారు. మాసెక్ అది చూడకుండానే పోయాడు.

*

రెండో రసీదు 2025 జనవరి 24న వచ్చింది. సాకో రామాయణాన్ని 4కేలో శుభ్రం చేసి, గీక్ పిక్చర్స్, ఏఏ ఫిల్మ్స్, ఎక్సెల్ సంస్థలు మన థియేటర్లలో విడుదల చేశాయి. ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగు. కొత్త డబ్బింగ్ మాటల రూపకల్పనని మన విజయేంద్ర ప్రసాద్ చూసుకున్నారు. తయారైన ముప్పై మూడో ఏట అది తెలుగు మాట్లాడింది. సాకో 2012లో, రామ్ మోహన్ 2019లో పోయారు. మా నాయనమ్మ, మాష్టారు కూడా లేరు.

నాన్నని హైదరాబాదు రప్పించి తీసుకెళ్ళాను. ఆయనకి డెబ్భై దాటాయి. కేబుల్ ఎప్పుడో వదిలేశాడు. ఇంటింటికీ సొంత డిష్‌లు వచ్చాక మేడ మీది గదిలో ఇప్పుడు మిరపకాయలు ఆరబోస్తున్నారు. హాల్లో పాతిక మంది లేరు. తెర మీద రంగులు చూసి మొదట నమ్మలేకపోయాడు. మా క్యాసెట్లో అడవి గోధుమరంగులో ఉండేది. ఇక్కడ పచ్చగా ఉంది.

జటాయువు దగ్గర ముందుకి వంగి కూర్చున్నాడు. రెక్క తెగింది. ‘ఓహో, ఇట్టా పడ్డాడా!’ అన్నాడు, కాస్త గట్టిగానే. ముందు వరసలో అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది.

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాం. ఎలా ఉంది నాన్నా అని అడిగాను.

‘బాగా చేశారు. రావణుడి గొంతు కూడా బాగుంది.’ కాసేపాగి, ‘మాష్టారి గొంతు లేదు గానీ’ అన్నాడు.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఊరెళ్ళినప్పుడు అటక మీంచి ఆ క్యాసెట్టు తీశాను. అంచుల్లో తెల్లగా బూజు. హైదరాబాదు తెచ్చి, పాత టేపులు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే కొట్లో ఇచ్చాను. వారం పట్టింది. బొమ్మ మూడొంతులు బతికింది. లాప్‌టాప్‌లో పెట్టి, కుంభకర్ణుడు లేచే చోటికి జరిపి, సౌండు పెంచి విన్నాను.

హిందీ. మొదటి నుంచీ చివరి దాకా హిందీయే.

ఎలా మర్చిపోయానో! మేం చెప్పిందంతా మైకులోంచి నేరుగా వైర్లోకి వెళ్ళింది. టేపు మీదకి ఎక్కనేలేదు. మాష్టారి రావణుడు, టైలర్ మామ హనుమంతుడు, యంత్రం అన్న మాట, ఫ్యాన్ ఆపిన గదిలో నేను చేసిన వానర సైన్యం, అన్నీ ఏ ఏడుకి ఆ ఏడు నూట యాభై ఇళ్ళలో మోగి అక్కడే అయిపోయాయి. ఆ తెలుగు రామాయణానికి కాపీ లేదు, హక్కుదారుడూ లేడు. దాన్ని మళ్ళీ విడుదల చేయడం ఏ ఒప్పందం వల్లా కాదు.

రామదాసు పాటలు మిగిలాయి, అది మన అదృష్టం. ఖైదులో పాడుకున్నవాళ్ళందరి పాటలూ మిగలవు. నాయనమ్మ జవాబులో సగం నిజం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. వేచి ఉండబట్టే మేం ఆ గొంతులు పెట్టుకున్నాం. మిగతా సగం నా ప్రశ్నే. అది ఇంకా అలాగే ఉంది.

నాన్నకి ఫోన్ చేసి, మన గొంతులు టేపులో లేవని చెప్పాను. ఆయన పెద్దగా బాధపడ్డట్టు లేడు.

‘ఎట్టుంటయిరా, మనం రికార్డు నొక్కలేదుగా’ అన్నాడు. ‘బొమ్మ వస్తందా? అయితే నవమికి తీసుకురా. సౌండు తగ్గించి వేద్దాం. మైకు అటక మీదే ఉంది.’